కేసు కట్టను కంప్యూటర్‌లో సర్దుకోవడం ఎలా?

బార్ పెద్దలకు, జూనియర్ మిత్రులకు, ముఖ్యంగా వెనక వరుసల్లో కూర్చున్న గుమాస్తా మిత్రులకు నమస్కారం. 'ముఖ్యంగా' అన్నది మర్యాదకు కాదు. కేసుల సాఫ్ట్‌వేర్ కొనేది సీనియర్ గారైనా, రోజూ సాయంత్రం కాగితాలు స్కాన్ చేసి ఎక్కించేది మీరే. ఏ కాగితం ఏ విభాగంలోకి పోవాలో తేల్చేటప్పుడు మీరు పక్కన లేకపోతే ఆ ఏర్పాటు పట్టుమని నెల కూడా నడవదు.

అమ్మేవాళ్లు విభాగాలు తయారుచేసే ఇస్తారు: ఈమెయిళ్లు, పీడీఎఫ్‌లు, ఫొటోలు, కాంట్రాక్టులు. సివిల్ కోర్టు పనికి అవి అక్కరకు రావు. జవాబు దావా ఎప్పుడు వేశారని జడ్జిగారు అడిగితే అది పీడీఎఫా, వర్డా అన్నది ఎవరికి కావాలి? కోర్టులో ఆ కాగితానికి ఉన్న హోదాను బట్టి విభాగం పెట్టాలి. నా లెక్కన ఒక ఓ.ఎస్.కు, అంటే అసలు సివిల్ దావాకు, ఇవి చాలు: ప్లీడింగులు (దావా, జవాబు దావా లాంటివి), ఐ.ఏ.లు (దావా నడుస్తుండగా వేసే దరఖాస్తులు), దస్తావేజులు, సాక్ష్యం, ఉత్తర్వులు-తీర్పులు, నోటీసులు-సమన్లు, ఆఫీసు లోపలి కాగితాలు.

అసలు చిక్కంతా దస్తావేజులతోనే. ఒక రిజిస్టర్డ్ సేల్ డీడ్ తీసుకోండి. దావాతో వేసిన జాబితాలో అది మూడో నంబరు. పీ.డబ్ల్యూ.1 (వాది తరఫు మొదటి సాక్షి) ద్వారా మార్కయ్యాక ఎగ్జిబిట్ ఏ-2. అదే ఆస్తి మీద అన్నదమ్ములు వేసిన ఇంకో దావాలో మన క్లయింటు ప్రతివాది, అక్కడ అదే డీడ్ బీ-5. 'ఏ సిరీస్' (వాది మార్కులు), 'బీ సిరీస్' (ప్రతివాది మార్కులు) అని విభాగాలు పెట్టారనుకోండి, ఒకే డీడ్ మూడు పేర్లతో మూడు చోట్ల చేరుతుంది. ఒక స్కాన్‌లో షెడ్యూల్ పేజీ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. వాదన మధ్యలో ఏది తెరుచుకుంటుందో మన అదృష్టం! అందుకే డీడ్ ఒక్కసారే ఎక్కాలి, డాక్యుమెంటు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరుతో. జాబితా నంబరు, ఏ కేసులో ఏ మార్కు, అసలు ప్రతి కోర్టులో ఉందా, మన బీరువాలో ఉందా, క్లయింటు దగ్గరే ఉందా అన్నవి దాని పక్కన నింపే గడులు. కేసును బట్టి మారే సంగతికి గడి పెట్టండి, విభాగం పెట్టకండి.

తీర్పు నకలు వచ్చినప్పుడు కాపీయింగ్ సెక్షన్ వేసిన ముద్ర చూడండి. దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, అవి దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ అందులో ఉంటాయి. అప్పీలుకు జిల్లా కోర్టులో 30 రోజులు, హైకోర్టులో 90 రోజులు. లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద నకలుకు పట్టిన కాలాన్ని మినహాయించి లెక్కకట్టాలంటే ఆధారం ఆ ముద్రే. అది వెనక పేజీలో ఉంటే, తీర్పు ముందు వైపులే స్కాన్ చేసి కట్ట కట్టేయడం మామూలైపోయింది. ఆ తేదీలు నింపనిదే నకలు సేవ్ కాకుండా పెట్టించుకోండి.

ఈ.పీ. (డిక్రీ అమలు పిటిషన్), అప్పీలు వేరే నంబర్లతో, వేరే 16 అంకెలు-అక్షరాల సీ.ఎన్.ఆర్. (కేసు గుర్తింపు నంబరు)తో వస్తాయి. వాటిని వేరే కేసులుగానే తెరిచి పాత ఓ.ఎస్.కు లింకు చేయండి. డిక్రీ రాగానే 'ముగిసింది' అని దాచేయడం తొందరపాటు. డబ్బు డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువుంది, శాశ్వత ఇంజంక్షన్‌కైతే గడువే లేదు. క్రిమినల్ కేసులకు నేరం జరిగిన తేదీ గడి తప్పనిసరి. 2024 జులై 1కి ముందుదా, తర్వాతదా అన్నదాన్ని బట్టి పాత శిక్షాస్మృతి ఐ.పీ.సీ.నా, దాని స్థానంలో వచ్చిన బీ.ఎన్.ఎస్.నా అన్నది తేలుతుంది.

లోపలి కాగితాలంటే క్లయింటు మనతో చెప్పుకున్నవి, మన నోట్సు, ముసాయిదాలు. భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ఇచ్చే రక్షణ లాయరుకే కాదు, గుమాస్తాకూ వర్తిస్తుంది. గోప్యత బాధ్యతా అంతే. ఈ విభాగాన్ని బయటివాళ్లకు పంపే లింకుల్లోకి రాకుండా మొదటిరోజే మూయించండి.

ఇక 'ఇతరములు'. వద్దన్నా ఎవరో ఒకరు పెడతారు కాబట్టి మీరే పెట్టండి. నెలాఖరున మాత్రం జూనియరూ గుమాస్తా కలిసి కూర్చుని దాన్ని ఖాళీ చేయాలి. వరసగా ఒకే రకం కాగితం అందులో పడుతుంటే, కమిషనర్ రిపోర్టులో, సర్వేయర్ ప్లాన్‌లో అనుకోండి, అప్పుడు ఎనిమిదో విభాగం గురించి మాట్లాడుకుందాం.