ఫోన్-ఇన్: పొట్టకి బ్యాగు ఉన్నవారిలో రక్తహీనత

యాంకర్: ఖమ్మం నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్కారం డాక్టరు గారూ. మా ఆవిడకి పేగు టీబీ వచ్చి నాలుగేళ్ల కింద ఆపరేషన్ చేశారు. చిన్నపేగు చివర చాలావరకు తీసేసి, మలం బయటికి రావడానికి పొట్టకి బ్యాగు పెట్టారు. ఇప్పుడు రక్తం ఎనిమిదిన్నరే ఉందండి. ఖర్జూరం, ఐరన్ మాత్రలు, బీట్‌రూట్ జ్యూసు అన్నీ ఇస్తున్నా. మొన్న బ్యాగులో ఎర్రగా కనిపించింది, రక్తమేమో అని రాత్రంతా టెన్షన్. బీట్‌రూట్ ఆపాలా?

డాక్టర్: జ్యూసు మానితే ఆ ఎరుపు పోవాలి. పోకపోతే ఆసుపత్రికి వెళ్లండి. అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా?

కాలర్: అవునండీ! చెప్పు జారిపోయినా తెలియట్లేదంటుంది. షుగర్ కూడా లేదు.

డాక్టర్: నాకు బి12 విటమిన్ లోపం మీదే అనుమానం. అది ఒంటికి పట్టేది చిన్నపేగు చివరి భాగంలోనే. అది తీసేశాక గుడ్లు, పాలు ఎన్ని పెట్టినా చాలదు. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోపం కొన్నేళ్లకి గానీ బయటపడదు. ఫోలిక్ యాసిడ్ ఏమైనా వాడుతోందా?

కాలర్: మెడికల్ షాపులో బలానికని ఇచ్చారండి.

డాక్టర్: అదే వద్దనేది! బి12 చూడకుండా ఒట్టి ఫోలిక్ యాసిడ్ వాడితే రక్తం పెరిగినట్టే ఉంటుంది, లోపల నరాలు దెబ్బతింటుంటాయి. రేపే బి12, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), సీబీపీ (రక్తకణాల లెక్క) పరీక్షలు చేయించండి. లోపం తేలితే ఇంజెక్షన్లే, జీవితాంతం.

కాలర్: అయితే బీట్‌రూట్ ఆపమంటారా?

డాక్టర్: (నవ్వుతూ) మానితే ఎరుపు పోయిందని తేలాక తాగనివ్వండి బాబూ! కానీ జ్యూసు ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పెరగదు. అన్నం తినగానే టీ మాత్రం ఇవ్వకండి, ఐరన్ పట్టనివ్వదు. మాత్ర కరక్కుండా బ్యాగులో పడుతోందేమో కూడా చూడండి.

యాంకర్: థాంక్యూ అండి. తెనాలి నుంచి...

కాలర్: నాది పెద్దపేగు బ్యాగండి, ఎడమవైపు. నేనూ బి12 ఇంజెక్షన్ వేయించుకోవాలా?

డాక్టర్: చిన్నపేగు బాగుంటే బ్యాగు వల్ల ఆ లోపం రాదమ్మా. మాంసం, గుడ్లు తింటారా?

కాలర్: లేదండి, శాకాహారం.

డాక్టర్: అయితే ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఫోలిక్ యాసిడ్ సొంతంగా వేసుకోకండి, మీకూ చెబుతున్నా.

యాంకర్: తర్వాతి కాలర్, నిజామాబాద్.

కాలర్: చిన్నపేగు బ్యాగు సార్. నీళ్లలా పోతోంది, పిక్కలు పట్టేస్తున్నాయి. నీళ్లు మస్తు తాగుతున్నా, దాహం పోతలేదు.

డాక్టర్: ఉత్త నీళ్లు తాగేకొద్దీ ఉప్పు ఇంకా పోతుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగండి. రోజుకి లీటరున్నర దాటి పోతోందా? ఇవాళే వెళ్లి సోడియం, మెగ్నీషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోండి. మూత్రం బాగా తగ్గిందా?

కాలర్: పొద్దున్నుంచి ఒక్కసారే...

డాక్టర్: ఫోన్ పెట్టేసి ఆసుపత్రికి బయల్దేరండి.