మనిషి కన్నా ముందు గోడ

మిత్రులందరికీ నమస్కారం.

పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మేర్ వేసిన ‘పాలు పోస్తున్న పనిమనిషి’ని నకలు వేయాలనుకున్నవాళ్లు దాదాపు అందరూ ముఖంతో మొదలుపెడతారు. దయచేసి గోడతో మొదలుపెట్టండి. నా దృష్టిలో ఆ చిత్రంలో అతి కష్టమైన భాగం అదే.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో 1660 ప్రాంతంలో వేసిన ఈ బొమ్మ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉంది. ఎత్తు 45.5, వెడల్పు 41 సెంటీమీటర్లు, అంతే. ఆ గోడను తెల్ల గోడ అంటాం కానీ, నీడలో తెలుపుతో పాటు అంబర్ అనే గోధుమరంగు మట్టి రంగు, బొగ్గు నలుపు కలిశాయి. వెలుగు ఎడమ కిటికీలోంచి వస్తోంది. అయినా కిటికీ పక్కనే గోడ చీకటిగా ఉంటుంది, కుడివైపుకి పోయేకొద్దీ తేటపడుతుంది. అందుకే ఆమె వెలుగు పడ్డ వైపు చీకటి గోడ మీద, నీడ వైపు వెలుగు గోడ మీద నిలుస్తుంది. కుడి అంచు వెంట సన్నటి తెల్ల గీత కూడా ఉంది. ఈ లెక్క తప్పితే ముఖం ఎంత బాగా కుదిరినా మనిషి గోడకు అతుక్కుపోతుంది. గోడలో దిగిన మేకును, దాని చిన్న నీడను, పాత మేకుల రంధ్రాలను కూడా వదలకండి.

ఇంకో సంగతి. 2022లో మ్యూజియంవాళ్లు వెల్లడించిన స్కానింగ్‌లో ఆమె తల వెనక కూజాలు తగిలించే చెక్క, కుడివైపు కింద ఒక అల్లిక బుట్ట బయటపడ్డాయి. రెండింటినీ వెర్మేరే రంగుతో కప్పేశారు. ఆ ఖాళీ గోడ తేలిగ్గా దొరికింది కాదు, ఎంచుకున్నది. నాకు ఇది చాలా పెద్ద పాఠం.

రంగుల సంగతి: ఏప్రన్‌లోని నీలం అల్ట్రామెరీన్. అప్పట్లో దాన్ని లాపిస్ లాజులి రాయి నుంచి తీసేవారు, ఖరీదు చాలా ఎక్కువ. ఇప్పుడు కృత్రిమంగా చేసింది ట్యూబుల్లో దొరుకుతుంది, అది చాలు. రవిక పసుపు సీసం, తగరం కలిసిన రంగు. సీసం విషం కాబట్టి దాని బదులు మామూలు పసుపు వాడండి, టోన్ సరిచూసుకుంటే చాలు. నూనె రంగుల్లో కింద పొరలో నూనె తక్కువగా, పై పొరల్లో ఎక్కువగా ఉండాలి. తిరగబడితే పై పొర పగులుతుంది.

రొట్టె మీది మెరుపు చుక్కలు చివరి రోజుకి ఉంచండి. పూర్తయ్యాక కాన్వాస్ వెనక ‘వెర్మేర్‌కు నకలు’ అని, మీ పేరు, తేదీ తప్పకుండా రాయండి.