మన వీధి కిందికి వేడి పైపు వస్తుందా?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పులిహోర వాసన వదిలి ఈ హాల్లోకి వచ్చినందుకు ముందుగా థాంక్స్.

మొన్న ఊరెళ్ళినప్పుడు మా బాబాయి నేను ఏం పని చేస్తున్నానని అడిగాడు. "మునిసిపాలిటీలకు హీట్ ప్లాన్లు తయారుచేస్తాం" అన్నాను. "మంచి పనిరా, చలివేంద్రాలా?" అన్నాడు. రెంటచింతల పక్కన పుట్టినవాడికి ఇంకేం తడుతుంది! జర్మనీలో కథ తిరగబడుతుంది. ఇక్కడ బాధ వేడిని తప్పించుకోవడం గురించి కాదు, ఇంటికి తెచ్చుకోవడం గురించి. ఈ దేశం వాడే ఎనర్జీలో దాదాపు సగం వేడికే పోతుంది. ఇళ్లలో సుమారు సగం గ్యాస్ మీదే ఆధారపడ్డాయి. 2022లో రష్యా గ్యాస్ ఆగినప్పుడు ఆ సగం ఎంత పెద్దదో మనందరికీ బిల్లులోనే తెలిసింది.

ఇప్పుడు చట్టం సంగతి. వేర్మెప్లానుంగ్స్‌గెజెట్స్ అంటారు. నోరు తిరగదు కాబట్టి ఈ పూటకు 'వేడి ప్రణాళిక చట్టం' అందాం. ప్రతి ఊరూ తన ఇళ్లకు వేడి ఎక్కడినుంచి తేవాలో ప్లాన్ గీయాలంటుంది. 2024 జనవరి 1న అమల్లోకి వచ్చింది. లక్ష జనాభా దాటిన నగరాలకు 2026 జూన్ 30, మిగతా ఊళ్లన్నిటికీ 2028 జూన్ 30 గడువు. పదివేల లోపు జనం ఉన్న ఊళ్లకు పని కాస్త తేలిక చేసుకునే వెసులుబాటు ఉంది, పక్క ఊళ్లతో కలిసి చేసుకోవచ్చు కూడా. బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం అయితే బెర్లిన్‌లోని కేంద్రం కోసం ఆగలేదు. 2020లోనే సొంత చట్టం తెచ్చి, తన పెద్ద ఊళ్లకు 2023 చివరి దాకా గడువు పెట్టింది. డెన్మార్క్ ఇంకా ముందు. 1973 చమురు దెబ్బ తిన్నాక 1979లోనే వేడి సరఫరా చట్టం చేసుకుంది. ఈ రోజు అక్కడ మూడింట రెండు వంతుల ఇళ్లకు పైపులోనే వేడి వస్తుంది, అంటే ఒకచోట కాచిన వేడి నీళ్లు వీధి కింది పైపుల్లో ఇంటింటికీ చేరతాయి.

నాకు ఆసక్తి అనిపించే ముడి ఒకటుంది, అక్కడ కాస్త ఆగుతాను. కేంద్రం నేరుగా మునిసిపాలిటీని "నువ్వు ప్లాన్ గీయి" అనలేదు. 2006 రాజ్యాంగ సవరణ దానికి అడ్డు. అందుకని చట్టం పదహారు రాష్ట్రాలను బాధ్యులను చేసింది. రాష్ట్రాలు సొంత చట్టం చేసి ఊళ్లకు అప్పగిస్తాయి. పని చెప్పినవాడే డబ్బు కూడా ఇవ్వాలన్నది రాష్ట్రాల రాజ్యాంగాల్లో ఉన్న సూత్రం. పెళ్లికి పిలిచి విస్తరాకు మీరే తెచ్చుకోండి అంటే కుదరదన్నమాట. దాంతో కేంద్రం వ్యాట్ ఆదాయంలో తన వాటా నుంచి 2028 దాకా మొత్తం 50 కోట్ల యూరోలు రాష్ట్రాలకు వదులుతోంది. దాదాపు 11 వేల ఊళ్లకు పంచి చూడండి, సగటున ఒక్కో ఊరికి 45 వేల యూరోలు. పెద్ద నగరానికి ఇది చాలదు, చిన్న ఊరికి పర్వాలేదు. 2023 చివరి వరకు దరఖాస్తు పెట్టుకున్న ఊళ్లు అదృష్టవంతులు. వాళ్లకు పాత పథకం కింద ఖర్చులో 90 శాతం, డబ్బు లేని ఊళ్లకైతే పూర్తిగా వచ్చింది.

ఇంతకీ ఆ డబ్బుతో ఏం చేస్తాం? ముందు లెక్క తీస్తాం. ఏ ఇల్లు ఎంత వేడి తాగుతోంది, దేనితో? ఇందులో మాకు పెద్ద దిక్కు ఎవరో తెలుసా? చిమ్నీలు ఊడ్చే ఆయన. మీ ఇంటికి నల్ల కోటు వేసుకుని వచ్చే షోర్న్‌స్టైన్‌ఫేగర్. ఏ నేలమాళిగలో ఏ బాయిలర్, ఎంత పాతది, ఆయన రిజిస్టర్‌లో ఉంటుంది. మీ ప్రైవసీ గురించి టెన్షన్ పడకండి, విడి ఇళ్ల లెక్కలు కనీసం ఐదు కలిపితేగానీ మాకు ఇవ్వరు. ఆ తర్వాత నది, భూగర్భం, ఫ్యాక్టరీ, డేటా సెంటర్, ఎక్కడ వేడి దొరుకుతుందో వెతుకుతాం. చివరికి 2045 నాటికి ఏ వీధికి పైపు, ఏ వీధికి సొంత హీట్ పంప్ (బయటి గాలి, నేల, నీళ్ల నుంచి వేడిని కరెంటుతో లాగే యంత్రం) అని మ్యాప్ మీద రంగులు వేస్తాం. ఐదేళ్లకోసారి మళ్లీ చూడాలి.

మ్యాప్‌లో మీ వీధికి రంగు పడింది కదా అని రేపు తవ్వకాలు మొదలవుతాయనుకోకండి. ఆ ప్లాన్ ఎవరినీ చట్టపరంగా కట్టిపడేయదు, మిమ్మల్నీ, పైపు వేయాల్సిన కంపెనీనీ. నా ఉద్దేశంలో ఈ చట్టంలో బలహీనమైన చోటు ఇదే. కాగితానికి డబ్బు పుట్టడం తేలిక, పైపుకే కష్టం. నగరం నడిబొడ్డున మీటరు పైపు వేయాలంటే వెయ్యి యూరోలు దాటడం మామూలు. అందుకు బీఈడబ్ల్యూ అనే కేంద్ర పథకం ఉంది. సాధ్యాసాధ్యాల అధ్యయనానికి సగం, నిర్మాణానికి 40 శాతం దాకా ఇస్తుంది. మిగతాది స్టాడ్ట్‌వెర్కె, అంటే కరెంటు, వేడి సరఫరా చేసే ఊరి కంపెనీ, అప్పు తెచ్చుకోవాలి. పైగా ఇప్పుడున్న వేడి నెట్‌వర్కులు 2030కల్లా 30 శాతం, 2040కల్లా 80 శాతం పునరుత్పాదక వేడికో, వృథాగా పోయే వేడికో మారాలని చట్టమే అంటోంది.

డబ్బు కలిసొస్తే ఎలా ఉంటుందో మన్‌హైమ్‌లో చూడొచ్చు. అక్కడ 2023 నుంచి ఒక హీట్ పంప్ రైన్ నది నీళ్ల నుంచి వేడి లాగుతోంది. చలికాలంలో చల్లటి నీళ్లలో వేడేమిటి అంటారా? ఇంట్లో ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి. లోపలి చల్లటి పాల గిన్నె నుంచి లాగిన వేడే వెనక చేతికి తగులుతుంది. 20 మెగావాట్లు, సుమారు 3,500 ఇళ్లకు సరిపోతుంది. అదే నగరంలో గ్యాస్ లైన్లు 2035కల్లా మూసేస్తామని కంపెనీ ముందే చెప్పేసింది. చెప్పి మూయడం నయం. కొత్త గ్యాస్ బాయిలర్ బిగించాక తెలిస్తే ఏడుపే.

సొంతిల్లు కొన్నవాళ్లకు ఒక మాట. బాయిలర్ మార్చేవాళ్లకు 2024లో పెట్టిన కేఎఫ్‌డబ్ల్యూ (ప్రభుత్వ బ్యాంకు) సాయం 30 నుంచి 70 శాతం, 30 వేల యూరోల ఖర్చు వరకు. 2025లో వచ్చిన కూటమి ప్రభుత్వం, ఇంట్లో ఎలాంటి హీటింగ్ పెట్టాలో చెప్పే 'హీటింగ్ చట్టం' రద్దు చేస్తామని ఒప్పందంలో రాసుకుంది కాబట్టి, సంతకం పెట్టేముందు ఆ నెల రూల్ ఏమిటో చూసుకోండి. ఊరి ప్లాన్ బాధ్యత మాత్రం వేరే చట్టం కింద ఉంది.

ఆఖరుగా, డ్రాఫ్ట్ ప్లాన్‌ను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకోవాలి. ఆ మీటింగులకు పదిమంది కూడా రారు. ఒక చిన్న ఊళ్లో అలాంటి మీటింగ్‌కి ఒక పెద్దావిడ వచ్చింది. మా మ్యాప్ కాసేపు చూసి, "మా వెనక లాండ్రీ గోడ దగ్గర ఏ ఏడూ మంచు నిలవదు, అది మీ లెక్కలో ఉందా?" అని అడిగింది. లేదు. మర్నాడు వెళ్లి చూశాం. పెరడంతా మోకాలి లోతు మంచు, ఆ గోడ పక్కన మాత్రం తడి సిమెంటు. ఆఫీసుకొచ్చి మ్యాప్‌లో అక్కడొక ఎర్ర చుక్క పెట్టాం.