ఎడం చేతి రోజ్, బిల్లీ జీన్ ఫోర్‌హ్యాండ్

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ టెన్నిస్ అనగానే ప్రైజ్‌మనీ లెక్కలే మాట్లాడుకుంటాం గానీ 1968కి ముందు వింబుల్డన్ గెలిచినా ప్రైజ్‌మనీ అనేదే లేదు, కప్పు ఇచ్చి చప్పట్లు కొట్టి పంపేవాళ్లు. పోనీ డబ్బు కోసం ప్రొఫెషనల్ అయిపోదామా అంటే ఇక ఆ పెద్ద టోర్నమెంట్లలో ఆడనిచ్చేవాళ్లు కాదు. ఆ రోజుల మనిషి మెర్విన్ రోజ్ గురించి ఇవాళ నాలుగు మాటలు.

1930లో ఆస్ట్రేలియాలోని కాఫ్స్ హార్బర్‌లో పుట్టాడు, ఎడం చేతి వాటం. మంచి ఆటగాడే, కాకపోతే పుట్టిన కాలం చూడండి, ఆస్ట్రేలియాలోనే పైన సెడ్జ్‌మన్, కింద నుంచి తోసుకొస్తున్న కుర్రాళ్లు హోడ్, రోజ్‌వాల్! 1951 డేవిస్ కప్, అంటే దేశాల జట్ల మధ్య పోటీ, ఐదు మ్యాచ్‌ల చివరి పోరు సిడ్నీలో అమెరికా మీద జరిగితే రోజ్ తన రెండు సింగిల్స్ కూడా ఓడిపోయాడు. మిగతా మూడు పాయింట్లూ సెడ్జ్‌మన్ తెచ్చాడు, రెండు ఒంటరిగా, ఒకటి మెక్‌గ్రెగర్‌తో కలిసి డబుల్స్‌లో, అలా 3-2తో కప్ ఆస్ట్రేలియాకే దక్కింది. జట్టు గెలిచింది సరే, 21 ఏళ్ల కుర్రాడికి ఆ రాత్రి ఎలా నిద్రపట్టుంటుందో మీరే ఊహించుకోండి. 1953 ఆస్ట్రేలియన్ ఫైనల్లో మళ్లీ దెబ్బ, 18 ఏళ్ల రోజ్‌వాల్ చేతిలో, అదీ మొదటి సెట్ 6-0. మరుసటి ఏడాది మాత్రం రెక్స్ హార్ట్‌విగ్‌ని ఓడించి అదే టైటిల్ పట్టేశాడు, ఆ ఏడాదే అదే హార్ట్‌విగ్‌తో జోడీ కట్టి వింబుల్డన్ డబుల్స్ కూడా. 1958లో ఫ్రెంచ్ గెలిచాడు, 1959లో ప్రొఫెషనల్ అయ్యాడు, అంతే, డబ్బు తీసుకోకుండా ఆడే అమెచ్యూర్ కథ అయిపోయింది.

నాకైతే అసలు కథ ఇక్కణ్ణించే మొదలవుతుందనిపిస్తుంది. 1964 చివర్లో అమెరికా నుంచి ఒక 21 ఏళ్ల అమ్మాయి రోజ్ దగ్గర ఆట నేర్చుకోడానికి ఆస్ట్రేలియా వచ్చింది, పేరు బిల్లీ జీన్ మోఫిట్, తర్వాత బిల్లీ జీన్ కింగ్‌గా పేరు తెచ్చుకున్న ప్లేయరే, ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి కింగ్ అనే పేరు అప్పటికి లేదు. అంతకు ముందు ఏడాది వింబుల్డన్ ఫైనల్ దాకా వెళ్లి మార్గరెట్ స్మిత్ చేతిలో ఓడింది, ఆ మార్గరెట్‌దేమో ఆస్ట్రేలియానే, అంటే ప్రత్యర్థి ఊళ్లోకొచ్చి ఆట నేర్చుకోడమన్నమాట. రోజ్ ఆమె ఆట చూసి ఫోర్‌హ్యాండ్, అంటే అరచెయ్యి ముందుకుండేలా కొట్టే షాట్, మార్చేయమన్నాడు, సర్వీస్ కూడా. గడ్డి కోర్టు మీద బంతి లేవదు, జారుకుంటూ వచ్చేస్తుంది, రాకెట్‌ని బారెడు వెనక్కి లాగేలోపు బంతి ఒంటి మీదకొచ్చేస్తుంది, అందుకని ఆ వెనక్కి లాగడాన్ని కుదించాడు. వినడానికి చిన్న విషయమే. కానీ చిన్నప్పట్నించీ చేతికి పట్టిన అలవాటు, చేతిరాత మార్చుకోడం లాంటిది, మార్చుకుంటున్నన్నాళ్లూ ఉన్న ఆట కూడా పాడవుతుంది, పైకి వచ్చిన ప్లేయర్ ఎవరూ అంత తేలిగ్గా ఒప్పుకోరు. ఈవిడ ఒప్పుకుంది.

వెంటనే గెలిచేసిందా అంటే లేదండి. 1965 అమెరికన్ ఫైనల్లో మళ్లీ అదే మార్గరెట్, రెండు సెట్లలోనూ 5-3తో ముందుండి కూడా 8-6, 7-5తో ఓడిపోయింది. చూసేవాళ్లకి అది ఓటమే, కానీ రెండు సార్లు అంత దగ్గరకొచ్చింది కదా. 1966లో మరియా బ్యూనోని ఓడించి వింబుల్డన్ గెలిచింది, 67లో, 68లో మళ్లీ.

తర్వాత స్పెయిన్ అమ్మాయి అరాంచా సాంచెజ్ వికారియోకి కూడా రోజ్ కోచింగ్ ఇచ్చాడు. 2017లో 87 ఏళ్ల వయసులో పోయాడు. అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లు ఆయన్ని 2001లో చేర్చుకున్నారు, అప్పటికి బిల్లీ జీన్ అందులో చేరి 14 ఏళ్లయింది.