మళ్లీ బిగించలేని బీరువా

సభకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకాల గురించి మాట్లాడేవాళ్లు ఎలాగూ ఉంటారు, మీరు ఆ పుస్తకాలు పెట్టే బీరువాల గురించి, చదువుకునే బల్లల గురించి చెప్పండి అన్నారు గ్రంథాలయాధికారి గారు. ముప్పై ఏళ్లు ఐటీఐలో వడ్రంగం నేర్పినవాణ్ణి. మా నాయనది కూడా అదే పని. కనుక కాదనలేదు.

ముందుగా నా ఎదురుగా ఉన్న ఈ బల్ల సంగతి. ఇందాక వచ్చి చెయ్యి ఆనించగానే కదిలింది. వెనకవైపు ఎడమ కోడు, అంటే కాలు, వదులైంది. "పాతదైపోయింది మాస్టారూ, తీసేసి కొత్తది కొనాలి, నిధులు రాలేదు" అన్నారు. రాకపోవడమే మంచిదైంది అన్నాను. ఎందుకన్నానో తర్వాత చెబుతాను. అందాకా ఎవరూ దీని మీద మోచేతులు పెట్టకండి.

2021 నవంబరులో మన నెల్లూరు దగ్గర పెన్నకు వచ్చిన వరద మీరెవరూ మరిచిపోయి ఉండరు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద ఉన్న కట్ట కూడా కొట్టుకుపోయింది. కోవూరు వైపు మా మేనకోడలి ఇంట్లో మోకాలి లోతు నీళ్లు రెండు రోజులు నిలిచాయి. నీళ్లు తీశాక వెళ్లాను. పడకగదిలో ఆ ఏడాదే కొన్న మూడు తలుపుల బీరువా ఉంది. అద్దం, బంగారు రంగు పిడులు, చూడటానికి పెళ్లికూతురిలా ఉండేది. అడుగున జానెడు మేర ఉబ్బిపోయింది. అంచులకు అంటించిన పట్టీ ఊడి, లోపలి సరుకు బయటపడింది. వేలితో నొక్కితే నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగింది. తలుపు తీయబోతే బందుతో సహా చేతికొచ్చింది.

అదే గదిలో ఆమె అత్తగారి పట్టెమంచం కూడా అంతే నీళ్లలో అన్ని గంటలూ ఉంది. బురద కడిగాం. ఎండలో పెడితే బీటలు వారుతుందని నీడలోనే పదిహేను రోజులు ఆరబెట్టాం. రెండు కోళ్లు వదులయ్యాయి. పట్టెల చివర్లు ఊడదీసి, తుడిచి, సన్నటి చెక్క చీలికలు పెట్టి మళ్లీ దిగ్గొట్టాను. ఆ ముసలావిడ ఇప్పటికీ దాని మీదే పడుకుంటోంది. బీరువాను మాత్రం చెత్త ట్రాక్టరు ఎత్తుకుపోయింది. అది వెళ్లిపోయాక కూడా నాలుగు నెలలు వాయిదాలు కట్టారు.

ఆ బీరువా చెక్కది కాదా అంటే, చెక్కదే. దుకాణంలో "ఇంజినీర్డ్ వుడ్ సార్" అంటారు, ఏదో ఇంజినీరు దగ్గరుండి చేయించినట్టు. అందులో చాలా రకాలున్నాయి. చెక్క ముక్కల్ని, పొట్టును జిగురుతో కలిపి, వేడి వేడిగా నొక్కి పలకగా చేస్తే పార్టికల్ బోర్డు. చెక్కను ఇంకా మెత్తగా, పీచులాగా చేసి నొక్కితే ఎం.డి.ఎఫ్. దుంగను తిప్పుతూ కాగితపు చుట్టలా పల్చగా ఒలిచి, ఆ పొరల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా అతికిస్తే ప్లైవుడ్. మూడూ ఒకటి కావు. మొదటి రెండిటిలో పొడవాటి నార తెగిపోయింది. చెక్కకు బలమంతా ఆ నారలోనే ఉంది. ప్లైవుడ్‌లో నార మిగిలింది కాబట్టి దాని దారి వేరు.

ఇక జిగురు. చవక పలకల్లో వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్. నీళ్లూ వేడీ కలిసి తగిలితే ఆ జిగురు కట్టు విడిపోతుంది. మన నెల్లూరుకు ఆ రెండిటికీ కరువు లేదు. నీళ్లకు నిలవాలంటే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు వాడాలి, దానికి ఖర్చెక్కువ. కొత్త బీరువా తలుపు తీయగానే కళ్లు మండుతాయి చూడండి, అది ఆ చవక జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ ఆవిరే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. బీరువా కొన్నవాళ్లందరికీ ఏదో అయిపోతుందని నేను చెప్పడం లేదు. కొత్తది వచ్చాక కొన్నాళ్లు కిటికీలు తెరిచి ఉంచండి, పసిపిల్లలున్న గదిలో పెట్టకండి, అంతే.

ఈ పలకల్ని నేను తిట్టడానికి రాలేదు. పెద్ద చెట్టు కొట్టకుండా సన్నటి కర్రతో బల్ల వస్తుంది. వెడల్పాటి పలక వంకర తిరగకుండా దొరుకుతుంది. గోడకు ఎత్తుగా, తడి తగలని చోట, బరువు తక్కువ పెట్టుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. నా అసలు ఫిర్యాదు మరమేకు దగ్గర మొదలవుతుంది.

పార్టికల్ బోర్డులో మరమేకు ఒకసారి చక్కగా పడుతుంది. ఇల్లు మారేటప్పుడు విప్పారనుకోండి. మళ్లీ అదే రంధ్రంలో బిగిస్తే లోపల పొట్టు రాలిపోయి మేకు గిర్రున తిరుగుతుంది. మూడోసారికి అక్కడ గుంట తప్ప ఏమీ ఉండదు. అగ్గిపుల్లలు దూర్చి బిగించుకున్నవాళ్లు ఈ సభలోనే ఉంటారు, చేతులెత్తమని అడగను. అద్దె ఇళ్లలో ఉండే కుటుంబాలు రెండు మూడేళ్లకోసారి ఇల్లు మారే కాలంలో, విప్పితే పాడయ్యే సామాను అమ్ముతున్నారు. దాన్ని "విప్పి బిగించుకోవచ్చు" అని చెప్పి మరీ అమ్ముతున్నారు. బిగించడం నిజమే. ఒక్కసారి.

మా నాయన చేసిన తలుపు ఒకటి చెబుతాను. మనకు అసలు వానలు ఆశ్వయుజ, కార్తీకాల్లో. పై జిల్లాలకు ఆషాఢ, శ్రావణాల్లో పడితే మనకు ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. అప్పుడు తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి, రోహిణి కార్తెలో సందులిస్తాయి. చెక్క చెట్టుగా చచ్చిపోయినా గాలిలో తేమను పీల్చడం, వదలడం మానదు. అది పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా మారుతుంది. అందుకని తలుపు చట్రంలో మధ్య పలకను జిగురు పెట్టి అతికించకూడదు. చుట్టూ గాడి తీసి, అందులో వదిలేయాలి. వానాకాలం అది పెరిగితే గాడిలోకి జరుగుతుంది, ఎండాకాలం తగ్గితే వెనక్కి వస్తుంది. మొదట్లో నేను తెలివిగా గాడిలో కూడా జిగురు పూశాను. ఆ ఎండాకాలం పలక నిలువునా చీలింది. మా నాయన ఏమీ అనలేదు, చీలిన పలకను తీసి నా పడక పక్కన గోడకు ఆనించి పెట్టాడు. నెల రోజులు నిద్ర లేవగానే అదే చూశాను.

ఇదంతా విని పాతదంతా బంగారం అంటున్నాననుకోకండి. మా చిన్నప్పుడు మామిడి చెక్క బల్లలు, తెల్లచెక్క పెట్టెలు, పచ్చి తుమ్మతో చేసిన మంచాలు ఎన్నో ఉండేవి. వాటిని చెద తినేసింది, తినగా మిగిలినవి పొయ్యిలోకి పోయాయి. ఇవాళ మనకు కనబడే పాత సామాను బతికి బయటపడ్డది మాత్రమే. అది చూసి ఆ కాలమంతా గట్టిదని లెక్క వేస్తే తప్పే. పైగా అప్పుడు ఎన్ని ఇళ్లలో బీరువా ఉండేది? చాలా ఇళ్లలో ఒక నులకమంచం, రెండు పీటలు, బట్టలకు దండెం. ఈ రోజు కూలి పనికి పోయే ఇంట్లో కూడా అద్దం బీరువా ఉందంటే అది ఈ చవక పలక పుణ్యమే.

టేకుది కూడా పాత కథ కాదు. చెట్టు మధ్యలో ముదిరి రంగు తిరిగిన భాగాన్ని చేవ అంటాం. చుట్టూ తెల్లగా ఉండేది లేతది. టేకు చేవలో ఉండే నూనెల వల్ల చెద దాని జోలికి రాదు. తెల్లభాగానికి ఆ రక్షణ లేదు, అది టేకైనా చెదకు పలహారమే. అటవీశాఖ తోటల్లో టేకును యాభై ఏళ్లు, ఆ పైన కూడా ఉంచి కొట్టేవాళ్లు. పొలం గట్ల మీద వేసింది ఇప్పుడు పదిహేను, ఇరవై ఏళ్లకే కోతకు వస్తోంది. దాన్లో చేవ ఎంత? మధ్యలో ఇంత. "ఒరిజినల్ టేకు" అని అమ్మేవాడు అబద్ధం చెప్పడు. టేకే. చేవ చచ్చినవాడని మనుషుల్ని అంటాం కదా, ఆ మాట ఇప్పుడు చెట్లకు వర్తిస్తోంది. ఆ తెల్లభాగానికి రంగు పూసి పాలిష్ కొడితే కొనేవాడికి తెలియదు, చెదకు తెలుస్తుంది.

చెట్లంటే మనకేం తక్కువ? రాపూరు, ఉదయగిరి అడవుల్లో ఎర్రచందనం ఉంది. దొంగలకు తప్ప మనకెవరికీ దాంతో పీట కూడా రాలేదు, రాకూడదు కూడా. ప్రకాశం జిల్లాలో, మన మెట్ట ప్రాంతాల్లో సుబాబుల్, జామాయిల్ వేస్తున్నారు. అది టన్నుల లెక్కన తూకం వేసి లారీ ఎక్కుతుంది. ఎక్కువ భాగం కాగితం మిల్లులకు పోతుంది. పలకల కర్మాగారాలు కూడా దగ్గరికే వచ్చాయి, శ్రీకాళహస్తి వైపు ఒకటి, బద్వేలు వైపు ఒకటి. ప్లైవుడ్ అయితే హర్యానాలోని యమునానగర్ నుంచో, కేరళలోని పెరుంబావూరు నుంచో వస్తుంది. మన చెట్టు మనకు చెక్కగా కనబడటం మానేసి చాలా కాలమైంది. ఉదయగిరిలో మాత్రం ఇప్పటికీ కొయ్య గరిటెలు, చెంచాలు చేతితో చెక్కుతున్నారు. నర్ది, బిక్కి, కలివి లాంటి కర్రలు వాడతారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా ఇంట్లో ఉదయగిరి గరిటె ఒకటుంది, దాని వయసు మా అబ్బాయి వయసు. పక్కనే సోఫా ఉంది, అది మూడోది.

సోఫా అన్నాను కాబట్టి రెండు మాటలు. పైన తోలులా కనబడేది తోలు కాదు, బట్ట మీద పాలీయూరితేన్ పొర. గాలిలో తేమకు ఆ పొర విరిగి పొరలు పొరలుగా రాలుతుంది. సముద్రం పక్కన ఉన్న మనకు మరీ త్వరగా. వాడకపోయినా రాలుతుంది, కాబట్టి పిల్లల్ని తిట్టకండి. లోపలి ఫోముకు "డెన్సిటీ ముప్పై రెండు" అంటారు. ఘనపు మీటరుకు అన్ని కిలోలని అర్థం. అడిగితే చెబుతారు, అడగకపోతే ఎంత తేలికది పెట్టారో కూర్చున్న రోజు తెలియదు, ఏడాదికి గుంట పడ్డాక తెలుస్తుంది. ఇనుప బీరువా సంగతి కూడా అంతే. రేకు గేజి సంఖ్య పెరిగే కొద్దీ రేకు పలచబడుతుంది. ఇరవై గేజి అంటే దాదాపు 0.9 మిల్లీమీటరు, ఇరవై రెండు అంటే 0.7కు అటూ ఇటూ. అమ్మ సారెలో వచ్చిన బీరువా తలుపు మీద తట్టి, కొత్తదాని మీద తట్టండి. చప్పుడే చెబుతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలని చాలామంది అడుగుతారు. ముందువైపు చూడకండి. అది చూపించడానికే చేశారు. సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేయండి. వెనక పలకను వేలితో నొక్కండి, అట్టలా లోపలికి పోతే బీరువా మొత్తం ఆ అట్ట మీదే నిలబడి ఉందని అర్థం. బందు బిగించిన చోట అంచు చూడండి, పొట్టు కనబడుతుంది లేదా పొరలు కనబడతాయి. ప్లైవుడ్ అయితే 303 అనే ఐ.ఎస్. సంఖ్య, అంటే భారత ప్రమాణం సంఖ్య, మామూలు రకానికి, 710 నీళ్లకు నిలిచే మెరైన్ రకానికి. వంటగది సింకు కింద 710 కాకుండా మరేదైనా పెట్టించారంటే ఆ డబ్బు పెన్నలో పోసినట్టే. అమ్మకందారుకు కోపం వస్తుంది. రానివ్వండి. పెళ్లి సంబంధం చూడటానికి వెళ్లి అంతకంటే ఎక్కువ ప్రశ్నలు వేసే మనం బీరువా దగ్గరే ఎందుకో మొహమాటపడతాం.

మా వడ్రంగుల తప్పు కూడా ఉంది. మాట ఇచ్చి తేదీకి ఇవ్వం. అడ్వాన్సు తీసుకుని నెల తిప్పుతాం. పచ్చి కర్ర పెట్టి, ఆరిందని చెబుతాం. దుకాణంలో సాయంత్రం డబ్బు కడితే మర్నాడు ఇంట్లో మంచం దిగుతుంది. ఆడపిల్లను అత్తారింటికి పంపే తండ్రి ఎవరి దగ్గరికి పోతాడు? మా శిష్యుల్లో సగానికి సగం మంది ఇప్పుడు పలకలు కోసి మాడ్యులర్ వంటగదులు బిగిస్తున్నారు. బాగా సంపాదిస్తున్నారు, సంతోషం. ఉలి నూరడం మరిచిపోయామని వాళ్లే నాతో అంటారు.

సరే, ఈ బల్ల.

ఇందాక మీరందరూ టీ తాగుతుంటే ఫోను లైటు వేసి దీని కింద దూరాను. గ్రంథాలయాధికారి గారు కంగారుపడ్డారు. నాలుగు కోళ్ల లోపలివైపు ఉలితో కొట్టిన గీతలున్నాయి. మొదటి కోడుకు ఒక గీత, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా. ఆ కోడులోకి దిగే పట్టె మీద కూడా సరిగ్గా అన్నే గీతలు. ఏ పట్టె ఏ కోడుదో తెలియడానికి మేస్త్రీ వేసుకున్న గుర్తులవి. చేసేటప్పుడు అతనికి అవసరమే. కానీ పైకి కనబడని చోట అంత లోతుగా కొట్టి ఉంచాడంటే, ఎప్పుడో ఒకప్పుడు మరొకడెవడో దీన్ని విప్పుతాడని అతనికి తెలుసు. పేరు రాసుకోలేదు. వరుస మాత్రం రాసిపెట్టాడు.

కదులుతున్నది మూడు గీతల కోడు. దాన్ని బిగించిన చీల, అంటే కొయ్య మేకు, ఎండి సన్నబడింది, అంతే. సంచీలో వేప చీలలు నాలుగు తెచ్చాను, చిన్న కొయ్య సుత్తి కూడా ఉంది. చూడాలనుకునేవాళ్లు ముందుకు రండి. ఇద్దరు కుర్రాళ్లు బల్లను పక్కకు ఒరిగించి పట్టుకోవాలి. ముందు ఆ సొరుగులో రసీదు పుస్తకాలున్నాయట, తీసి పక్కన పెట్టండి.