వంశంలో ఉన్నది జన్యువా, చుట్టా?

అందరికీ నమస్కారం.

నోటి జబ్బులు చూసే డాక్టర్ని కాబట్టి రెండు మాటలు తరచుగా వింటుంటాను. ఒకటి, "మా ఇంటావంటా లేదు డాక్టరు గారూ, నాకెందుకొచ్చింది?" రెండోది, "మా అమ్మమ్మకీ ఇదే, మా అమ్మకీ ఇదే. వంశంలోనే ఉంది, ఏం చేస్తాం?" ఒకరు ఆశ్చర్యపోతున్నారు, ఇంకొకరు చేతులెత్తేస్తున్నారు. ఇద్దరి లెక్కా మాత్రం ఒకటే: క్యాన్సర్ అంటూ వస్తే రక్తంలోంచే రావాలి. ఇవాళ ఆ లెక్క గురించే మాట్లాడదామని వచ్చాను.

సిక్కోలులో మాట్లాడుతూ అడ్డపొగ ఊసెత్తకపోతే ఎలా? పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు, కుర్రవాళ్ల కోసం చెబుతున్నాను. ఎండిన పొగాకు చుట్టి, వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. నుసి నోట్లోనే రాలుతుంది. పొగా వేడీ నేరుగా అంగిలికి తగులుతాయి. ఎందుకమ్మా అలా అంటే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు. గాలికి ఆరిపోదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని, పని చేసుకుంటూ తాగొచ్చని, పెద్దవాళ్ల కంట పడదని. ఇలా తాగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే, గులాబీ రంగులో ఉండాల్సిన అంగిలి తెల్లగా, మందంగా ఉంటుంది. ఆ తెలుపులో అక్కడక్కడా ఎర్రటి చుక్కలు. లాలాజలం ఊరే చిన్న గ్రంథుల నోళ్లు వాచి అలా కనిపిస్తాయి.

గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం ప్రపంచంలో చాలా చోట్ల అరుదు. మన తీరంలో కాదు. డెన్మార్కు నుంచి పిండ్‌బోర్గ్, ముంబై నుంచి మెహతా, మరికొందరు కలిసి ఈ శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఆ వివరాలు ప్రచురించారు. అందులో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అమ్మమ్మ చుట్ట చుడుతుంటే పక్కన కూర్చుని చూసిన పిల్ల పెద్దయ్యాక తనూ అదే అందుకుంటుంది. ఆమెను చూసి ఆమె కూతురు. మూడు తరాల్లో అదే జబ్బు, నోట్లో అదే చోట. కాగితం మీద వంశవృక్షం గీసి చూపిస్తే ఎవరైనా జన్యు వ్యాధి అనే అంటారు. అందుకే నేను ఇంకో ప్రశ్న వేస్తాను: "మీ కోడలికి ఎలా ఉందమ్మా?" అత్తకీ కోడలికీ రక్తసంబంధం లేదు (మేనకోడల్ని తెచ్చుకుంటే తప్ప!). ఇద్దరూ తాగేది మాత్రం ఒకే పొగాకు. కోడలి అంగిలి కూడా తెల్లబడుతోందంటే, ఆ ఇంట్లో చేతులు మారుతున్నది జన్యువు కాదు, చుట్ట.

దీనికి గట్టి రుజువే ఉంది. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పొగాకు వాడే 36,000 మంది ఇళ్లకి వెళ్లి, నోళ్లు చూసి, మానమని ఏళ్ల తరబడి నచ్చజెప్పిన పని ఒకటి జరిగింది. 1986లో ఫలితాలు వచ్చాయి. నచ్చజెప్పిన చోట మానేసినవాళ్లు పెరిగారు, క్యాన్సర్‌కి ముందు వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది. వాళ్ల జన్యువుల్ని ఎవరూ ముట్టుకోలేదు.

అయితే జన్యువుల పాత్రే లేదా? ఉంది. లేకపోతే చుట్ట తాగిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ రావాలి కదా. ఇల్లు, తిండి, అలవాట్లు కలిసిపోయిన కుటుంబంలో రక్తం వాటా ఎంతో విడదీయడం కష్టం కాబట్టి శాస్త్రవేత్తలు కవలల్ని పట్టుకున్నారు. ఒకే పోలిక కవలలకి జన్యువులన్నీ ఒకటే, మామూలు కవలలకి సగమే కలుస్తాయి; ఈ రెండు రకాల్నీ పోల్చి చూస్తే రక్తం వాటా అంచనాకి అందుతుంది. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్ దేశాల్లోని 44,788 కవల జతల వివరాలు 2000లో అచ్చయ్యాయి. జనంలో కనిపించే తేడాల్లో వంశపారంపర్యం వాటా ప్రోస్టేట్ క్యాన్సర్‌లో 42 శాతం, పెద్దపేగు క్యాన్సర్‌లో 35, రొమ్ము క్యాన్సర్‌లో 27. మిగతాదంతా పరిసరాలు, అలవాట్లు, కొంత అదృష్టం. అదృష్టం అన్నానని నవ్వకండి. కణం విడిపోయేటప్పుడు ఊరికే దొర్లే తప్పులు కూడా క్యాన్సర్‌కి ఒక కారణమే. ఏ అలవాటూ లేని మనిషికి వచ్చినప్పుడు "ఏం తిన్నావో, ఏం తాగావో" అని ఆరా తీసే చుట్టాలంటే నాకు ఒళ్లు మంట.

జన్యువూ అలవాటూ కలిసి ఎలా పనిచేస్తాయో చెప్పడానికి నాకు నచ్చిన ఉదాహరణ మూత్రాశయ క్యాన్సర్. పొగాకు పొగలో ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలుంటాయి. కాలేయంలో వాటి విషాన్ని విరిచే పని నాట్-2 అనే ఎంజైముది. టీబీ మందు ఐసోనియాజిడ్‌ని మార్చేదీ ఇదే. కొందరిలో ఇది చురుగ్గా, కొందరిలో మెల్లగా పనిచేస్తుంది. మన దేశంలో మెల్లగా పనిచేసే రకమే ఎక్కువ. ఇది జబ్బు కాదు, మనిషికీ మనిషికీ ఉండే మామూలు తేడా. స్పెయిన్‌లో చేసిన ఒక పెద్ద పరిశోధన 2005లో వచ్చింది. సిగరెట్ తాగేవాళ్లలో నాట్-2 మెల్లగా ఉంటే మూత్రాశయ క్యాన్సర్ ముప్పు ఇంకా పెరిగింది. అసలు తాగనివాళ్లలో ఎంజైము మెల్లగా ఉన్నా, చురుగ్గా ఉన్నా పెద్ద తేడా కనిపించలేదు. అంటే ఆ జన్యువు జీవితాంతం ఒంట్లో ఉన్నా, పొగ వస్తేనే దాని బలహీనత బయటపడుతుంది. అలాగని ఎంజైము చురుగ్గా ఉన్నవాళ్లకి సిగరెట్ లైసెన్సు దొరికినట్టు కాదు. రోజుకో పాకెట్ చొప్పున ఏడాది తాగితే ఊపిరితిత్తుల్లోని ఒక్కో కణంలో సగటున 150 జన్యుమార్పులు పడతాయని 2016లో లెక్కగట్టారు.

ఇక రెండో కొసకి వద్దాం. జన్యువు చాలా బలంగా ఉన్న సంగతి ఇది. లోపం ఉంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్లకి దారితీసే బీఆర్‌సీఏ-1 జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని 1990లో తేల్చింది అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్. ఈ లోపం ఉంటే ఇక రాత రాసిపెట్టినట్టే అనుకుంటారు చాలామంది. ఆవిడ బృందమే న్యూయార్క్ యూదు కుటుంబాల్లో చేసిన పరిశోధన 2003లో వచ్చింది. లోపం ఉన్న ఆడవాళ్లలో 1940కి ముందు పుట్టినవాళ్లకి యాభై ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 24 శాతం. 1940 తర్వాత పుట్టినవాళ్లకి 67 శాతం! అవే కుటుంబాలు, అదే లోపం. ఒకటి రెండు తరాల్లో రక్తం మారిపోదు, మారింది బతుకు తీరే. చిన్నవయసులో ఒళ్లు వంచి ఆటపాటల్లో తిరిగినవాళ్లకి, బరువు పెరగనివాళ్లకి జబ్బు ఆలస్యంగా వచ్చింది. ఇది విని "రోజూ నడుస్తున్నాను, ఇక నాకేం కాదు" అని స్కానింగులు మానేయకండి. 24 శాతం కూడా చిన్న సంఖ్యేం కాదు.

ఇలాంటి సభల్లో మేనరికం గురించి తప్పకుండా అడుగుతారు. ప్రతి జన్యువూ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు ప్రతులుగా వస్తుంది. బీఆర్‌సీఏ లాంటి వాటిలో ఒక్క ప్రతిలో లోపం ఉంటే చాలు. అమ్మ నుంచి వచ్చినా నాన్న నుంచి వచ్చినా ఒకటే. ప్రతి బిడ్డకీ సగం అవకాశం, కొడుకైనా కూతురైనా. కాబట్టి వీటిలో మేనరికానికి ప్రత్యేకమైన పాత్ర లేదు. మనవాళ్లు చేసే అసలు పొరపాటు వేరే ఉంది. రొమ్ము క్యాన్సర్ అనగానే అమ్మ వైపు చుట్టాలనే లెక్కపెడతారు. మేనత్తకి వచ్చిందా, నాయనమ్మకి అండాశయ క్యాన్సర్ వచ్చిందా అని అడిగితే "వాళ్లది వేరే ఇంటి పేరు కదండీ" అంటారు. జన్యువుకి ఇంటి పేరుతో పనేముంది?

జన్యుపరీక్ష అందరికీ అక్కర్లేదు. మొత్తం క్యాన్సర్లలో బలమైన వంశపారంపర్య లోపం వల్ల వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. చిన్నవయసులోనే జబ్బు వచ్చినా, ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి వచ్చినా, అండాశయ క్యాన్సర్ ఉన్నా, మగవాళ్లకి రొమ్ము క్యాన్సర్ వచ్చినా డాక్టర్ని అడగండి. పెళ్లి సంబంధాలు చూస్తున్నామనే టెన్షన్‌తో ముందు అమ్మాయి రక్తం పట్టుకొస్తారు కొందరు. వీలైతే మొదట చేయాల్సింది జబ్బు వచ్చిన మనిషికి, అంటే ఆ మేనత్తకో పిన్నికో. ఆవిడలో ఏ లోపం ఉందో తెలిస్తేనే, అమ్మాయిలో అది లేదని వచ్చిన రిపోర్టుకి అర్థం. ఆవిడకి చేయకుండా అమ్మాయికి చేసి, ఏమీ లేదని వస్తే, ఆ కాగితాన్ని పూర్తిగా నమ్మలేం.

ఇక మీరు అడగండి. ఆ వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మ గారికి మైకు ఇవ్వండి.