మూడు కంప్యూటర్లు, ఒకటే కీబోర్డు: నా డెస్క్ సెటప్

హాయ్ అండీ, నమస్తే! ఆఫీసు ల్యాప్‌టాప్, నా సొంత మ్యాక్, పక్కన డెస్క్‌టాప్. ఇన్ని ఉన్నా టేబుల్ మీద కీబోర్డు, మౌస్, మానిటర్ ఒక్కొక్కటే. రండి, కెమెరా మానిటర్ వెనక్కి తిప్పుతాను. అదిగో ఆ చిన్న డబ్బా, కేవీఎం స్విచ్. బటన్ నొక్కితే కీబోర్డు, మౌస్, మానిటర్ మూడూ కలిసి ఇంకో కంప్యూటర్‌కి మారిపోతాయి.

డబ్బా ఎందుకు, సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారా? ఉంది, బాగుంటుంది కూడా. అన్నీ విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్స్ ప్యాక్ పవర్‌టాయ్స్‌లోని మౌస్ వితౌట్ బోర్డర్స్‌తో నాలుగు కంప్యూటర్ల దాకా నడపొచ్చు. యాపిల్ వాళ్లకి 2022లో వచ్చిన యూనివర్సల్ కంట్రోల్ ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ కలిసి ఉంటే డెస్క్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్ చూడండి. మౌస్‌ని స్క్రీన్ అంచు దాటిస్తే చాలు, పక్క కంప్యూటర్లోకి వెళ్లిపోతుంది. కానీ ఇవి కీబోర్డు, మౌస్ వరకే. మానిటర్ మారదు, ఏ కంప్యూటర్ స్క్రీన్ దానికి ఉండాల్సిందే. పైగా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మనకి నచ్చినవి ఇన్‌స్టాల్ చేయనివ్వరు. నేను డబ్బా వైపు వెళ్లడానికి అసలు కారణం అదే. దీనికి ఏ ఇన్‌స్టాలేషనూ అక్కర్లేదు, విండోస్ ఇంకా లోడ్ కాకముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్, అంటే బయోస్‌లో కూడా పనిచేస్తుంది.

కొనేటప్పుడు అందరూ ఎన్ని పోర్టులున్నాయో చూస్తారు. నేనైతే ముందు మానిటర్ సంగతి చూడమంటాను. ఫోర్‌కే మానిటర్ ఉండి స్విచ్ హెచ్‌డీఎంఐ 1.4 ది అయితే 30 హెర్ట్జే వస్తుంది, అంటే స్క్రీన్ సెకనుకి 30 సార్లే మారుతుంది, మౌస్ కదిలిస్తే ఈడ్చినట్టు ఉంటుంది. 60 కావాలంటే 2.0 ఉండాలి, కేబుల్ కూడా దానికి తగ్గదే కావాలి. ఇంకోటి, ఈడీఐడీ ఎమ్యులేషన్, అంటే మానిటర్ ఇంకా తగిలించే ఉందని స్విచ్ ల్యాప్‌టాప్‌ని నమ్మించడం. ఇది లేకపోతే స్విచ్ మార్చగానే మానిటర్ పీకేశారని ల్యాప్‌టాప్ అనుకుంటుంది. తెరిచిన విండోలన్నీ చిన్న స్క్రీన్ మీదకి వచ్చి పడతాయి. రోజుకి పదిసార్లు మార్చేవాళ్లకి అంతకన్నా చిరాకు ఉండదు!

రెండే కంప్యూటర్లుంటే లోపలే కేవీఎం ఉన్న మానిటర్ తీసుకోండి. యూఎస్‌బీ-సి కేబుల్ ఒక్కటే వీడియో, డేటా, ఛార్జింగ్ మూడూ మోసేస్తుంది. తక్కువలో అయిపోవాలంటే కీబోర్డు, మౌస్‌ని మాత్రమే మార్చే మామూలు యూఎస్‌బీ స్విచ్ కొనుక్కుని, స్క్రీన్‌ని మానిటర్ బటన్‌తోనే మార్చుకోండి. కాస్త విసుగే, కానీ పని జరుగుతుంది.

హాట్‌కీ, అంటే డబ్బా బటన్ ముట్టకుండా కీబోర్డుతోనే మార్చే కీ, దాని సంగతి కూడా చెప్పాలి. చాలా స్విచ్‌లకి స్క్రోల్ లాక్ రెండుసార్లు నొక్కాలి. చిన్న కీబోర్డుల్లో ఆ కీయే ఉండదు, అందుకే హాట్‌కీ మార్చుకునే వీలుందో లేదో కొనేముందే చూసుకోండి. వెబ్‌క్యామ్ మాత్రం స్విచ్‌కి పెట్టకండి, నేరుగా ఆఫీసు ల్యాప్‌టాప్‌కే. లేదంటే మీటింగ్ మధ్యలో మీరు పక్క కంప్యూటర్‌కి మారగానే అవతలివాళ్లకి మీ వీడియో ఆగిపోతుంది.